సముద్రశాస్త్రం, పరిశ్రమ, జాలరి: వీరాంపట్టినం చెప్పే పాఠం

పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా, అరియాంకుప్పం నదీముఖానికి చేరువలో వీరాంపట్టినం అనే పెద్ద మత్స్యకార గ్రామం ఉన్నది. తమిళుల ఆడిమాసంలో జరిగే సెంగళునీర్ అమ్మవారి రథోత్సవానికి ఈ గ్రామం ప్రసిద్ధి. ఫ్రెంచి పాలన నాటి నుంచి పాలనాధిపతి స్వయంగా వచ్చి తేరు లాగడం అక్కడి ఆనవాయితీ. మిగిలిన రోజులలో ఈ గ్రామాన్ని నడిపించేది సముద్రం. ఏ రోజు గాలి ఎటు వీస్తుంది, కెరటం ఎంత ఎత్తు లేస్తుంది, చేప ఏ లోతున దొరుకుతుంది అన్న ప్రశ్నలకు తాతల నుంచి మనుమలకు అందుతూ వచ్చిన అనుభవమే ఇక్కడ సమాధానం చెబుతూ వచ్చింది.

1998 తరువాత ఆ అనుభవానికి మరొక గొంతు తోడైంది. వేటకు బయలుదేరే ముందు జాలరులు ఒడ్డున నిలబడి లౌడ్‌స్పీకరు చెప్పే మాటలను ఆలకించసాగారు. సముద్రం మీద కెరటాలు ఎంత ఎత్తున ఉండగలవో ఆ ప్రకటన తమిళంలో తెలియజేసేది. ఆ సమాచారం మూలం ఎక్కడో ఉన్న అమెరికా నౌకాదళపు సముద్ర వాతావరణ కేంద్రంలో ఉన్నది. దానిని సేకరించి, తమిళంలోకి మార్చి, గ్రామానికి చేర్చినది ఒక భారతీయ పరిశోధన సంస్థ. వినిపించినది గ్రామస్థులే నడిపిన కేంద్రం. విని లాభపడినది జాలరి.

విద్యా పరిశోధన సంస్థలకూ, వ్యాపార సంస్థలకూ మధ్య సహకారం ఏర్పడితే ఉత్పాదకత పెరుగుతుందా అన్న ప్రశ్న ఆర్థికశాస్త్రంలో చాలాకాలంగా చర్చలో ఉన్నది. సాధారణంగా ఈ చర్చ పెద్ద కర్మాగారాలను దృష్టిలో ఉంచుకొని సాగుతుంది. అయితే అయిదారుగురు మనుషులు, ఒక పడవ, కొన్ని వలలు, ఒక ఇంజను కలిసినా అది ఒక ఉత్పత్తి సంస్థయే. దానికీ పెట్టుబడి ఉన్నది, శ్రమ ఉన్నది, ఇంధనం ఉన్నది, నష్టభయం ఉన్నది. ఇంత చిన్న సంస్థకు ప్రయోగశాల జ్ఞానం ఎలా చేరింది, చేరినప్పుడు ఏమి మారింది అని పరిశీలిస్తే, పెద్ద సంస్థలకు సైతం వర్తించే కొన్ని సత్యాలు బోధపడతాయి.

ఉత్పాదకత అనగానేమి?

ఉత్పత్తి వేరు, ఉత్పాదకత వేరు. ఎంత సరకు తయారైంది అన్నది ఉత్పత్తి. ఆ సరకు తయారు కావడానికి ఖర్చయిన ఒక్కొక్క పాలు శ్రమకు, ఇంధనానికి, పెట్టుబడికి ఎంత ఫలితం దక్కింది అన్నది ఉత్పాదకత. ఈ భేదం స్పష్టం కావడానికి ఒక ఊహా లెక్కను తీసుకోవచ్చు.

అయిదుగురు జాలరులు ఒక మరపడవలో 8 గంటలు వేటకు వెళ్ళి, 40 లీటర్ల ఇంధనం ఖర్చుచేసి, 80 కిలోల చేపలు తెచ్చారనుకుందాం. అప్పుడు లీటరు ఇంధనానికి 2 కిలోలు దక్కినట్లు. ఒక మనిషి ఒక గంట పడిన శ్రమకు దక్కినది కూడా 2 కిలోలే. ఆ 8 గంటలలో చాలా భాగం వల వేయడంలో కాక, చేపలగుంపు ఎక్కడ ఉన్నదో వెదకడంలో గడిచిపోతుంది. చేపలున్న దిక్కు ముందుగానే తెలిసి, వెదుకులాటలో 2 గంటలు, 10 లీటర్ల ఇంధనం ఆదా అయినాయనుకుందాం. అదే 80 కిలోలకు ఇప్పుడు 30 లీటర్లు, 6 గంటలు సరిపోయాయి. లీటరుకూ, మనిషి గంటకూ దక్కినది సుమారు 2.7 కిలోలకు పెరిగింది. సముద్రంలో నుంచి ఒక్క చేప కూడా అదనంగా తీయలేదు. అయినా ఉత్పాదకత మూడవ వంతు పెరిగింది.

ఇక్కడ అదనంగా వచ్చి చేరినది కొత్త ఇంజను కాదు, కొత్త వల కాదు, అదనపు కూలీ కాదు. వచ్చి చేరినది సమాచారం. పనిముట్టు పెరగకుండా ఫలితం పెరిగినప్పుడు, ఆ పెరుగుదలకు జ్ఞానమే కారణమని ఆర్థికవేత్తలు భావిస్తారు. ఆ జ్ఞానం ఎక్కడ పుడుతుంది, ఎవరి ద్వారా ప్రయాణిస్తుంది అన్నదే సహకారానికి సంబంధించిన అసలు ప్రశ్న.

అరికమేడు పక్కన

నైపుణ్యం దూరదేశాల నుంచి ఈ తీరానికి రావడం కొత్త విషయం కాదు. వీరాంపట్టినానికి ఆనుకొని, నది ఒడ్డున అరికమేడు ఉన్నది. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ జరిపిన తవ్వకాలలో మధ్యధరా ప్రాంతపు మట్టిపాత్రలు, మద్యం నింపే కూజాలు బయటపడ్డాయి. ఆ తరువాత ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు కాజాల్ 1947-50 మధ్యకాలంలోను, విమలా బెగ్లీ నాయకత్వాన పెన్సిల్వేనియా, మద్రాసు విశ్వవిద్యాలయాలు 1989-92 మధ్యకాలంలోను పరిశోధన కొనసాగించాయి. గ్రీకు నావికుల గ్రంథంలో పొదూకే అని పేర్కొన్న రేవు ఇదేనని పండితుల అభిప్రాయం. గాజుపూసలు, రాతిపూసలు తయారుచేసే కార్మికులు ఇక్కడ నివసించారు. సరకుతోపాటు తయారీ విద్య కూడా ఓడలెక్కి రేవుల మధ్య రాకపోకలు సాగించిందనడానికి అరికమేడు సాక్ష్యం. ఇరవై శతాబ్దాల తరువాత అదే తీరానికి మరొక రూపంలో విద్య చేరింది.

పరిశోధన గ్రామానికి వచ్చిన తీరు

వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ తమకు లభించిన ప్రపంచ ఆహార బహుమతి ధనంతో 1988లో మద్రాసులో ఒక పరిశోధన ప్రతిష్ఠానాన్ని స్థాపించారు. కెనడాకు చెందిన అంతర్జాతీయ అభివృద్ధి పరిశోధన కేంద్రం సహాయంతో ఈ ప్రతిష్ఠానం 1998లో పుదుచ్చేరి ప్రాంతంలో సమాచార గ్రామాల పథకాన్ని ప్రారంభించింది. విల్లియనూరులో ప్రధాన కేంద్రం ఏర్పడింది. అక్కడి నుంచి రేడియో తరంగాల ద్వారా, టెలిఫోను తీగల ద్వారా చుట్టుపక్కల గ్రామ కేంద్రాలకు సమాచారం అందేది. విద్యుత్తుకు అంతరాయం కలిగినప్పుడు సౌరఫలకాలు ఆదుకొనేవి. ఆ గ్రామ కేంద్రాలలో వీరాంపట్టినం ఒకటి.

ఈ పథకంలో గమనించవలసిన అంశాలు మూడు ఉన్నాయి. మొదటిది, పరిశోధకులు యంత్రాలతో రాలేదు. ముందుగా గ్రామస్థులకు ఏ సమాచారం అవసరమో అడిగి తెలుసుకొన్నారు. సేద్యపు గ్రామాలవారు విత్తనాల ధరలు, పశువైద్యం, ప్రభుత్వ పథకాల వివరాలు కోరారు. వీరాంపట్టినం వారికి కావలసినది కెరటాల ఎత్తు. రెండవది, స్థలం, కేంద్రం నడిపే మనుషులు గ్రామం బాధ్యత. పరికరాలు, శిక్షణ ప్రతిష్ఠానం బాధ్యత. కేంద్రాలను నడిపినవారిలో ఎక్కువమంది స్త్రీలు. మూడవది, కుల లింగ భేదం లేకుండా ఎవరైనా వచ్చి వినడానికి, చూడడానికి వీలున్న చోటనే కేంద్రం ఉండాలన్న నియమం పెట్టారు. ఎంబలం గ్రామంలో కేంద్రం ఒక ఆలయ ప్రాంగణంలోనే వెలసింది.

2001లో ఈ పథకానికి స్టాక్‌హోమ్ చాలెంజ్ పురస్కారం లభించింది. ఆ గౌరవం కంటె విలువైన పాఠం ఒకటి ఉన్నది. అమెరికా నౌకాదళపు అంచనాలు అంతకుముందు కూడా ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నవే. వాటిని చూడకుండా ఎవరూ అడ్డుకోలేదు. అయినా అవి జాలరికి అక్కరకు రాలేదు. కారణం, అవి అతని భాషలో లేవు, అతని ఒడ్డున వినిపించలేదు, అతనికి నమ్మకమున్న మనిషి నోట రాలేదు. జ్ఞానం లభ్యం కావడం వేరు, అందడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడమే సహకారం చేసే పని.

ఉపగ్రహం నుంచి వల దాకా

కెరటాల సమాచారం ప్రాణాన్నీ, పడవనూ, వలనూ కాపాడుతుంది. ఇక చేపలు ఎక్కడున్నాయో చెప్పగలిగిన జ్ఞానం వేరే దారిలో వచ్చింది. దాని చరిత్రలో తెలుగునాటికి ముఖ్యమైన స్థానం ఉన్నది.

1952లో అమెరికా సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. విశ్వవిద్యాలయ పరిశోధకులు భారత నౌకాదళపు ఓడల సహాయంతో బంగాళాఖాతపు నీటి ఉష్ణోగ్రతలను, ప్రవాహాలను, సముద్రగర్భపు రూపురేఖలను పరిశీలించారు. విశాఖ తీరంలో కొన్ని కాలాలలో లోతున ఉన్న చల్లని నీరు పైకి ఉబికి వస్తుందన్నది వారు అధ్యయనం చేసిన విషయాలలో ఒకటి. తీరానికి సమాంతరంగా వీచే గాలి పైనీటిని సముద్రం లోపలికి నెట్టినప్పుడు, ఆ ఖాళీని పూరించడానికి అడుగునీరు పైకి వస్తుంది. ఆ నీటిలో పోషక లవణాలు ఎక్కువ. వాటిని ఆధారం చేసుకొని కంటికి కనిపించని వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటిని తినడానికి సూక్ష్మజీవులు, ఆ జీవుల కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు చేరుతాయి. నాడు ఇది తరగతి గదిలో బోధించే శాస్త్రం మాత్రమే. దీనివల్ల జాలరికి ఏమి లాభమని ఎవరైనా అడిగి ఉంటే వెంటనే జవాబు దొరికేది కాదు.

ఆ జవాబు ఉపగ్రహాలతో వచ్చింది. సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను ఉపగ్రహం కొలవగలదు. ప్లవకాలలోని పత్రహరితం వల్ల నీటి రంగులో కలిగే మార్పును పసిగట్టగలదు. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే సరిహద్దులను, పత్రహరితం దండిగా ఉన్న చోట్లను కలిపి చూస్తే చేపలు గుమిగూడే అవకాశమున్న ప్రాంతాలను గుర్తించవచ్చు. 1999లో హైదరాబాదులో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఏర్పడింది. అదే సంవత్సరం భారతదేశం ప్రయోగించిన ఓషన్‌శాట్ ఉపగ్రహం సముద్రపు రంగును పరిశీలించే పరికరాన్ని కక్ష్యలోకి మోసుకుపోయింది. అప్పటి నుంచి ఈ కేంద్రం తీరప్రాంత భాషలలో వేట సూచనలను విడుదల చేస్తున్నది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరాన, ఎంత లోతున చేపలు దొరికే అవకాశం ఉన్నదో అందులో ఉంటుంది. ఆకాశం దట్టంగా మబ్బుపట్టిన రోజులలో ఉపగ్రహం నీటిని చూడలేదు కాబట్టి ఆ సూచనలు వెలువడవు. వేట నిషేధకాలంలోను అంతే.

సముద్రం లేని హైదరాబాదులో సిద్ధమైన సూచన తమిళంలో పుదుచ్చేరి తీరానికి, తెలుగులో కాకినాడ తీరానికి చేరుతుంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాం కూడా గోదావరి తీరాన ఉన్న తెలుగు సీమయే. ఒకే పరిశోధన ఫలితం వివిధ భాషలు మాట్లాడే జాలరులకు సమానంగా అందడం జాతీయ సమైక్యతకు ఆచరణలో కనిపించే ఉదాహరణ.

వ్యాపార సంస్థల పాత్ర

ఇంతవరకు చెప్పినది ప్రభుత్వ, స్వచ్ఛంద పరిశోధన సంస్థల కృషి. అయితే లౌడ్‌స్పీకరు గొంతు ఒడ్డు దాటి వినబడదు. పడవ కదిలిన తరువాత గాలి మారితే చెప్పేవారు లేరు. ఈ లోటును తీర్చడానికి వ్యాపార సంస్థల సాంకేతిక సామర్థ్యం అవసరమైంది. 2000 దశకపు ద్వితీయార్ధంలో స్వామినాథన్ ప్రతిష్ఠానం, హైదరాబాదు సముద్ర సమాచార కేంద్రం, క్వాల్‌కామ్, టాటా టెలిసర్వీసెస్, ఆస్ట్యూట్ సంస్థలు కలిసి మొబైలు ఫోనులో పనిచేసే ‘ఫిషర్ ఫ్రెండ్’ అనే సేవను రూపొందించాయి. కెరటాల ఎత్తు, గాలి వేగం, చేపల జాడ, రేవులలోని ధరలు, ప్రభుత్వ పథకాలు అందులో చోటు చేసుకొన్నాయి. తరువాతి రూపంలో అంతర్జాతీయ జలసరిహద్దు దగ్గరపడితే హెచ్చరించే ఏర్పాటు కూడా చేరింది.

ఈ సహకారంలో ఎవరి లాభం వారికి ఉన్నది. ప్రతిష్ఠానానికి తన పరిశోధన ప్రజలకు చేరుతుంది. సముద్ర కేంద్రానికి తన సూచనలు నిజమవుతున్నాయో లేదో జాలరుల ద్వారా తెలుస్తుంది. ఫోను కంపెనీకి కొత్త వినియోగదారులు దొరుకుతారు. సాంకేతిక సంస్థకు తన పరిజ్ఞానాన్ని కఠిన పరిస్థితులలో పరీక్షించే అవకాశం లభిస్తుంది. పరస్పర ప్రయోజనం లేని సహకారం దానమవుతుంది. దానం దాత ఉత్సాహం ఉన్నంతవరకే సాగుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉన్నది. ఈ సేవ మొదట ఒక ప్రత్యేక రకపు ఫోనుల కోసం తయారైంది. మార్కెట్టులో ఆ రకం క్రమంగా కనుమరుగైంది. సేవను ఆండ్రాయిడ్ ఫోనులకు మార్చవలసి వచ్చింది. ఒక కంపెనీ పరికరంతో ముడిపడిన సేవ ఆ పరికరంతోపాటే పాతబడిపోతుంది. సమాచారం, దానిని తయారుచేసే శాస్త్రం ప్రభుత్వ పరిశోధన సంస్థ చేతిలో ఉండడం వల్లనే పరికరం మారినా సేవ బ్రతికింది.

మొబైలు సంకేతాలు తీరం నుంచి 10-12 కిలోమీటర్లు దాటితే అందవు. 2017 చివరలో వచ్చిన ఒఖీ తుపాను సమయంలో దూరసముద్రంలో ఉన్నవారికి హెచ్చరిక చేరకపోవడం వల్ల కలిగిన నష్టం దేశాన్ని కలచివేసింది. ఆ తరువాత సముద్ర సమాచార కేంద్రం, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి, విమానాల దారి కోసం ఉద్దేశించిన గగన్ ఉపగ్రహ వ్యవస్థను జాలరి కోసం వినియోగించాయి. ‘జెమిని’ అనే ఆ పరికరం రూపకల్పనలో బెంగుళూరుకు చెందిన ఒక ప్రైవేటు సంస్థ పాలుపంచుకొన్నది. 2019 అక్టోబరులో దానిని ఆవిష్కరించారు. ఉపగ్రహం పంపిన హెచ్చరికను ఆ పరికరం అందుకొని, పడవలోని ఫోనుకు చేరవేస్తుంది.

2004 డిసెంబరు 26

ఉత్పాదకత కోసం ఏర్పడిన సహకారం ప్రాణరక్షణకు ఎలా ఉపకరించిందో వీరాంపట్టినానికి దక్షిణాన ఉన్న నల్లవాడు గ్రామం చెబుతుంది. అక్కడ కూడా స్వామినాథన్ ప్రతిష్ఠానం సమాచార కేంద్రాన్ని నెలకొల్పింది. 2004 డిసెంబరు 26న భారత కాలమానం ప్రకారం ఉదయం 6-28 గంటలకు సుమత్రా దీవి సమీపంలో మహాభూకంపం సంభవించింది. అది పుట్టించిన సునామీ మన తూర్పు తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉన్నా, ఆనాడు హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరిక వ్యవస్థ లేదు.

సింగపూరులో పనిచేస్తున్న నల్లవాడు యువకుడొకరు ఆ వార్త తెలిసి ఇంటికి ఫోను చేసి అప్రమత్తం చేశారు. గ్రామస్థులు సమాచార కేంద్రానికి పరుగెత్తి, రోజూ కెరటాల ఎత్తు చెప్పే ఆ మైకులోనే హెచ్చరిక వినిపించారు. జనం ఊరు విడిచి మెరకకు తరలిపోయారు. ఇళ్ళు, పడవలు నష్టమైనా ఆ గ్రామంలోని వేలాదిమంది ప్రాణాలతో మిగిలారు.

ఆ రోజు పనిచేసినది అధునాతన యంత్రం కాదు. ఒక ఫోను, ఒక మైకు మాత్రమే. కాని ఆ మైకు మాట నిజమని కొన్నేళ్ళ అనుభవం ప్రజలకు నేర్పింది. నిన్నటిదాకా కెరటం గురించి అది చెప్పిన కబురు చాలాసార్లు నిజమైంది. అందువల్ల నేడు అది ‘పరుగెత్తండి’ అన్నప్పుడు ఎవరూ తర్కించలేదు. సహకారంలో లెక్కకు అందని ఆస్తి ఈ నమ్మకమే. 2007లో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రంలో జాతీయ సునామీ హెచ్చరిక కేంద్రం ప్రారంభమైంది. నాడు యువకుని ఫోను చేసిన పని నేడు ఒక సంస్థ బాధ్యత.

కర్మాగారాలకు వర్తించే సత్యాలు

తీరంలో కనిపించిన ఈ సూత్రాలు పెద్ద పరిశ్రమలలో కూడా కనిపిస్తాయి. 1909లో జర్మనీలోని కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయ ఆచార్యుడు ఫ్రిట్జ్ హాబర్ గాలిలోని నత్రజని నుంచి అమ్మోనియా తయారుచేసి చూపారు. ప్రయోగశాలలో అది చుక్కలు చుక్కలుగా కారింది. బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ ఇంజనీరు కార్ల్ బాష్ దానికి తగిన, అధిక ఒత్తిడికి తట్టుకొనే పాత్రలను రూపొందించిన తరువాత 1913లో ఒప్పౌ కర్మాగారంలో ఉత్పత్తి మొదలైంది. నేడు ప్రపంచంలోని ఎరువుల పరిశ్రమకు పునాది అదే. ఆచార్యుడు లేనిదే మార్గం లేదు. కంపెనీ లేనిదే కర్మాగారం లేదు.

తెలుగునాట 1993లో వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ దీనికి చక్కని దృష్టాంతం. సొంత ప్రయోగశాల లేని ఆ కొత్త సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, తరువాత హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలోను పరిశోధన సాగించింది. 1997లో హెపటైటిస్-బి టీకా మందును విడుదల చేసింది. జన్యు పునస్సంయోజన పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి టీకా అది. అంతకుముందు దిగుమతి టీకా ధర సామాన్యునికి అందుబాటులో లేదు. దేశీయ టీకా రాకతో ధరలు ఎన్నో రెట్లు దిగివచ్చాయి.

అమెరికా ఆర్థికవేత్త ఎడ్విన్ మాన్స్‌ఫీల్డ్ ఏడు పరిశ్రమలకు చెందిన 76 పెద్ద కంపెనీలను పరిశీలించి 1991లో ఫలితాలను ప్రకటించారు. 1975-85 మధ్యకాలంలో ఆ కంపెనీలు ప్రవేశపెట్టిన కొత్త ఉత్పత్తులలో సుమారు 11 శాతం, కొత్త తయారీ పద్ధతులలో సుమారు 9 శాతం ఇటీవలి విద్యాసంస్థల పరిశోధన లేకపోతే చాలా ఆలస్యమయ్యేవని ఆయన తేల్చారు. పరిశోధన ఫలితం వెలువడినప్పటి నుంచి అది సరకుగా మార్కెట్టుకు రావడానికి సగటున ఏడేళ్ళు పట్టింది. విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకొన్న మరుసటి ఏడాదే లాభం ఆశించే కంపెనీకి ఈ అంకె ఒక హెచ్చరిక. వాల్తేరులో జరిగిన సముద్ర పరిశీలనకూ, జాలరి చేతి సూచనకూ మధ్య దశాబ్దాలు గడిచాయన్నది కూడా మరువరాదు.

కోహెన్, లెవింతాల్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 1990లో ఇంకొక ముఖ్యవిషయాన్ని ప్రతిపాదించారు. బయటి జ్ఞానాన్ని గుర్తించి, జీర్ణించుకొని, వినియోగించే శక్తి అన్ని సంస్థలకూ ఒకేలా ఉండదు. తనలో కొంత విద్య, కొంత పరిశోధనాభ్యాసం ముందే ఉన్న సంస్థకే ఆ శక్తి ఉంటుంది. దీనిని గ్రహణశక్తి అనవచ్చు. నిండిన చెరువు నుంచి నీరు రావాలంటే పొలంలో కాలువ తవ్వి ఉండాలి. వీరాంపట్టినంలో ఆ కాలువ తవ్వినవారు ఊరి కేంద్రాన్ని నడిపిన కార్యకర్తలు, సముద్రాన్ని తరతరాలుగా చదివిన జాలరులు. ఉపగ్రహం చూపిన చోటికి వెళ్ళిన తరువాత వల ఎప్పుడు వేయాలో, ఎన్ని బారల లోతుకు దించాలో నిర్ణయించేది జాలరి అనుభవమే.

హద్దులు, బాధ్యతలు

ఈ సహకారానికి హద్దులు లేకపోలేదు. చేపల జాడ అందరికీ తెలిస్తే అందరూ ఒకే చోటికి చేరుతారు. కర్మాగారంలో ఉత్పాదకత పెరిగితే సరకు పెరుగుతుంది. సముద్రంలో చేపల సంతతికి ఒక పరిమితి ఉన్నది. అందువల్ల ఆదా అయిన ఇంధనంతో మరింత దూరం వెళ్ళి మరింత పట్టడం ఉత్పాదకత కాదు, రేపటి మూలధనాన్ని ఈనాడే తినివేయడం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల మరపడవల వేట నిషేధం ఈ దృష్టితోనే అమలవుతున్నది.

సమాచారం చేప ఎక్కడున్నదో చెబుతుంది. అది ఎవరికి చెందాలో చెప్పదు. 2021లో చేపలగుంపును మొత్తంగా చుట్టివేసే పెద్ద వలల వాడకం విషయమై వీరాంపట్టినం, నల్లవాడు జాలరుల మధ్యనే ఘర్షణ చెలరేగింది. ఒకే పథకం కింద ఒకే రకమైన కేంద్రాలు నడుపుకొన్న ఇరుగుపొరుగు గ్రామాలవి. పంపకంలో న్యాయం, వేటలో సంయమనం శాస్త్రం ఒక్కటే ఇవ్వలేదు. వాటికి చట్టం, ఊరి పెద్దల విజ్ఞత, పరస్పర సంభాషణ కావాలి. కనుక సహకారంలో సముద్రశాస్త్రజ్ఞునితోపాటు సామాజిక శాస్త్రజ్ఞునికి, కంపెనీ ప్రతినిధితోపాటు గ్రామ ప్రతినిధికి కూడా చోటుండాలి.

యాజమాన్యం మరొక చిక్కు ప్రశ్న. కంపెనీ ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని కోరుతుంది. విశ్వవిద్యాలయం ప్రకటించాలని కోరుతుంది. టీకా తయారీ వంటి రంగాలలో ఒప్పందాలు, పేటెంటు హక్కులు ఈ సమస్యను పరిష్కరించవచ్చు. కెరటం ఎత్తు వంటి సమాచారం మాత్రం ఏ ఒక్కరి సొత్తు కారాదు. అందులో ఆలస్యమైనా, దాపరికమైనా ఖరీదు చెల్లించేది సముద్రం మీద ఉన్న మనిషి.

ఈ విధంగా చూసినప్పుడు వీరాంపట్టినం అనుభవం నుంచి తేలే సారాంశం ఇది. విద్యా సంస్థ ప్రశ్నను వినియోగదారుని నుంచి గ్రహించాలి. వ్యాపార సంస్థ తన పరికరాన్ని ఆ ప్రశ్నకు తగినట్లు మలచాలి. అందుకొనేవాడు తన అనుభవాన్ని తిరిగి ప్రయోగశాలకు చెప్పగలగాలి. ఈ మూడు దారులలో ఏ ఒక్కటి మూసుకుపోయినా ఒప్పందపత్రం కాగితంగానే మిగులుతుంది. మూడూ తెరచి ఉన్నప్పుడు ఖర్చు తగ్గుతుంది, ఫలితం పెరుగుతుంది, వేటకు వెళ్ళిన పడవ క్షేమంగా రేవుకు చేరుతుంది. ఒడ్డున ఎదురుచూసే ఇల్లాలికి ఉత్పాదకత అనే మాట తెలియకపోవచ్చు. పడవ వేళకు తిరిగి రావడమే ఆమెకు తెలిసిన లెక్క. శాస్త్రానికైనా, పరిశ్రమకైనా చివరకు సరిచూసుకోవలసిన లెక్క అదే.